బెల్లం తరఫున మా వదిన

మొన్న మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో పక్క టవర్ అమ్మాయి ఒక ప్రశ్న పెట్టింది. వాళ్ళ పిల్లి ఇంట్లో అందరినీ కరుస్తోందట, రక్కుతోందట, ఏం చేయాలో ఎవరైనా చెప్పండి అని. నిమిషాల్లో సలహాలు కుప్పలు పడ్డాయి. మొహం మీద నీళ్ళు చిమ్మమన్నారు ఒకరు. గుమ్మాల దగ్గర కమలాపండు తొక్కలు పెట్టమన్నారు ఇంకొకరు. గోళ్ళు తీయించమన్నారు. యమున అవతల వదిలేసి రమ్మని ఒక అంకుల్ నవ్వు బొమ్మ పెట్టి మరీ రాశారు. అన్నీ మేం చేసి చూసినవే, ఆ చివరిది తప్ప. నేనూ ఏదో రాయబోయి, కొట్టేసి, ఫోన్ పక్కన పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది మా వదిన.

వదిన అంటే మా ఆయన అక్క. ఆయన కంటే పదిహేనేళ్ళు పెద్దది. పుట్టింది విజయనగరంలో. సైన్యంలో సుబేదారు భార్యగా దేశంలో ఉన్న కంటోన్మెంట్లన్నీ తిరిగి చివరికి ఢిల్లీలో ఆగింది. భర్త పోయాక అందరూ ఊరికి రమ్మన్నా వెళ్ళలేదు. కంటోన్మెంట్ పక్కనే ఒక మేడమీది వాటా అద్దెకు తీసుకుని పెన్షన్‌తో ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. కంటి ఆపరేషన్ సరిగ్గా కుదరక ఒకసారి మెట్ల మీంచి పడింది. ఇక లాభం లేదని మా ఆయన వెళ్ళి గురుగ్రామ్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చేశారు.

క్యాబ్‌లోంచి ఆవిడ దిగడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గంజి పెట్టిన నేత చీర, దాని కింద తెల్ల స్పోర్ట్స్ షూ. డిక్కీలో ఒక నల్ల ట్రంకుపెట్టె. మూత మీద ఒకప్పుడు పేరూ నంబరూ ఉన్నచోట ఎవరో మందంగా తెల్లరంగు పూసేశారు. ఒక ప్రెషర్ కుక్కర్. చేతుల్లో మాత్రం చున్నీతో మూతి కట్టిన ప్లాస్టిక్ కూరగాయల బుట్ట.

"ఏమిటి వదినా అది?" అన్నాను.

"బెల్లం" అంది.

అనకాపల్లి నుంచి ఎవరిచేతనో తెప్పించిందేమో అనుకుని, పాపం పెద్దావిడ మోయలేదని చెయ్యి చాచాను. చున్నీ సందులోంచి ఒక పంజా బయటికి వచ్చి నా మణికట్టు మీద మూడు గీతలు గీసి లోపలికి పోయింది. నేను కెవ్వుమన్నాను. వదిన నా చేతిని చూడలేదు. బుట్టని గుండెకి దగ్గరగా లాక్కుని, నా మొహంలోకి చూసి అడిగింది:

"ముందు నువ్వేటి చేసేవు?"

"చెయ్యి చాచానంతే వదినా."

"అదే మరి" అంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కేసు కొట్టేసినట్టే లెక్క.

బుట్టలోంచి బయటపడ్డ బెల్లం నిజంగా బెల్లం రంగులోనే ఉన్నాడు. ఎడమ చెవి సగమే ఉంది. మగపిల్లి, మంచి ఒడ్డూ పొడుగూ. మనల్ని మాత్రం ఏదో బాకీ ఎగ్గొట్టినట్టు చూసేవాడు. వచ్చిన రెండోరోజుకి మా ఇల్లంతా వాడిది అయిపోయింది. సోఫా వెనక, ఫ్రిజ్ మీద, కర్టెన్ చాటున ఎక్కడున్నాడో తెలిసేది కాదు. మనం నడిచి వెళుతుంటే మడమ మీద దూకేవాడు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో నేను కాళ్ళు కుర్చీ పైకి మడిచి పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి వీడియో కాల్‌లో లెక్కలు వివరిస్తూ వివరిస్తూ అరిచి లేచి నిలబడ్డాను. అవతల మా మేనేజరు "ఎవ్రీథింగ్ ఓకే?" అని కంగారుగా అడిగాడు. మా ఇంట్లో పిల్లి నా కాలికి వేలాడుతోందని చెప్పుకోవడం ఎలా?

కాల్ అయ్యాక వదిన దగ్గరికి వెళ్ళి కాలు చూపించాను. నాకు కావలసింది ఒక్క 'అయ్యో'. ఆవిడ బాల్కనీలో ఎండకి కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"ముందు నువ్వేటి చేసేవు?"

"ఆఫీసు పని చేసుకుంటున్నాను!"

"గట్టిగా మాట్లాడేవేమో."

ఆ ప్రశ్న ఆవిడ ఎవరినైనా అడిగేది. పెద్దా చిన్నా చూసేది కాదు. వంటచేసే దీదీ చేతిని కరిస్తే, దీదీ ఏడుస్తూ వేలు చూపిస్తే, హిందీలో "పహలే తూనే క్యా కియా?" అని అడిగింది. "రోటీ బనాయీ మాతాజీ, ఔర్ క్యా కియా!" అంది దీదీ, రొట్టెలు చేశాను, ఇంకేం చేశానంటూ. ఆ నెలాఖరుకి నన్ను పక్కకి పిలిచి, ఈ ఇంట్లో పిల్లైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని చెప్పేసింది. దీదీయే వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చినావిడ వారం నిలవలేదు. మంచినీళ్ళ ఫిల్టర్ బాగుచేయడానికి వచ్చినతను సింకు కింద దూరినవాడు దూరినట్టే బయటికి వచ్చి, స్క్రూడ్రైవర్ వదిలేసి వెళ్ళిపోయాడు. మా ఆయన స్నేహితుడి తండ్రి, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన పెద్దాయన, ఒక ఆదివారం భోజనానికి వచ్చారు. "జంతువులకి మనం భయపడకూడదమ్మా, అదే మొదటి సూత్రం" అంటూ సోఫా మీద ఉన్న బెల్లం తల నిమరబోయారు. ఆయన చేతికి నేను పసుపు అద్దుతుంటే వదిన పెరుగు గిన్నెతో వచ్చి నిలబడింది. వద్దు, వద్దు అని నేను కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను.

"ముందు మీరేటి చేసేరు?" అంది.

మా ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. రాత్రి నేను ఆ సంగతి లేవదీస్తే, "అక్క కదా, ఏమంటాం?" అన్నారు. ఆయనకి చిన్నప్పటి నుంచి అక్క అంటే అదో రకం భయం, అదో రకం జాలి. ఏది ఎందుకో ఆయనకీ తెలియదు.

నాకు పిల్లి మీద కంటే ఆవిడ మీదే ఎక్కువ మంటగా ఉండేది. పిల్లికి బుద్ధి లేదు, మనిషికి ఏమైంది? అలాగని ఆవిడ చెడ్డదీ కాదు. నా కూతురు మేఘకి జడలు వేసేది. వాళ్ళిద్దరి సంభాషణ వింటే నవ్వొచ్చేది. ఆవిడ విజయనగరం తెలుగులో అడిగితే, ఇది మేనత్తని హిందీ పద్ధతిలో బువా అంటూ "హా బువా, నహీ బువా" అని జవాబు చెప్పేది. గేటు దగ్గర గార్డులు ఆవిడని చూస్తే సర్దుకుని నిలబడేవారు. "బెల్ట్ ఠీక్ కరో బేటా" అని ఎవరినో ఒకరిని అనకుండా లోపలికి వచ్చేది కాదు. చలికాలంలో గార్డులకి టీ ఇవ్వడం లేదని సొసైటీ ప్రెసిడెంటుతో లిఫ్టు దగ్గర తగవు పెట్టుకుని, గెలిచింది కూడా. ఎవరికీ జంకని మనిషి. కానీ కుర్చీలో ఎప్పుడూ అంచున కూర్చునేది, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాల్సినట్టు. వంటింట్లో స్టీలు గ్లాసు కింద పడితే ఉలిక్కిపడి, తరవాత తన మీద తనే విసుక్కునేది. మా ఆయన పైఅల్మారాలోంచి సూట్‌కేసు తీయడానికి చెయ్యెత్తితే, పక్కన నిలబడ్డ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేది. చూపు సరిగా ఆనక అలా చేస్తోందనుకునేదాన్ని.

మేం చేయని ప్రయత్నం లేదు. స్ప్రే సీసాతో నీళ్ళు చిమ్మితే బెల్లం ఆ సీసానే కరిచాడు. కమలా తొక్కలతో మూడు రోజులు ఆడుకున్నాడు. చివరికి మా ఆయనా నేనూ కలిసి వాణ్ణి దుప్పటిలో చుట్టి క్లినిక్‌కి తీసుకెళ్ళాం. వదిన వెంట వచ్చింది. డాక్టరు చిన్నమ్మాయి. మోచేతుల దాకా తోలు గ్లౌజులు వేసుకుని ఓపిగ్గా చూసింది. నడుం దగ్గర ముట్టుకుంటే మరీ రెచ్చిపోతున్నాడని ఎక్స్‌రే తీసింది. పక్కటెముకలు రెండు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నాయట. వెనక కాలి ఎముక కూడా.

"ఇసే కిసీనే బహుత్ మారా హై" అంది. ఎవరో బాగా కొట్టారని.

"మాలూమ్ హై" అంది వదిన.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో అడిగాను. "మీకు ముందే తెలుసా వదినా?"

"మా పక్కింట్లో ఉండీవాడు. ఆ ఇంటాయన బూటుతో తన్నీవాడు. నాకు గోడవతల్నించి వినబడీది."

"మరి ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏటవుతాది? కరవడం మానేస్తాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పి ఉంటే కనీసం మేం జాగ్రత్తగా ఉండేవాళ్ళం. దీదీకి నచ్చచెప్పుకునేవాళ్ళం. పాపం పిల్లి అని ఆ సాయంత్రమంతా అనుకున్నాను కూడా. మర్నాడు పొద్దున లాప్‌టాప్ ఛార్జర్ పెట్టడానికి వంగితే మోచెయ్యి మీద కరిచాడు. జాలి అక్కడితో సరి. డాక్టరు ఇచ్చిన మాత్రలు వదిన వెయ్యనివ్వలేదు. "మత్తు పెట్టి నోరు మూయిస్తారా వాడికి?" అంది. వాణ్ణి కొన్నాళ్ళు ఒకే గదిలో ఉంచి మెల్లగా అలవాటు చేయమని కూడా డాక్టరు చెప్పింది. "ఏ తప్పు చేసేడని జైల్లో పెట్టాలి?" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్ వైపు చూశారు.

దీపావళి వెళ్ళిన మరుసటి ఆదివారం. బయట పొగమంచులా పొగ కమ్ముకుని, కిటికీలన్నీ మూసి, గాలి శుభ్రం చేసే మిషన్ పెట్టుకుని అందరం ఇంట్లోనే ఉన్నాం. మేఘ సోఫాలో కూర్చుని స్కూలుకి ఏదో బొమ్మ వేస్తోంది. రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది. సోఫా వెనక నుంచి బెల్లం ఎగిరి మొహం మీద పడ్డాడు. నేను పరుగెత్తి వచ్చేసరికి వాడు పారిపోయాడు. ఎడమకంటి కింద నుంచి చెవి దాకా చీరుకుపోయి, రక్తం బొమ్మ మీద పడుతోంది.

వదిన వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. చూసింది. నోరు తెరిచింది. ఆ మాట దానంతట అదే బయటికి వచ్చేసింది.

"ముందు నువ్వేటి చేసేవే?"

"మైనే కుఛ్ నహీ కియా బువా!" అని, నేనేమీ చెయ్యలేదని, మేఘ వెక్కుతూ అరిచింది. "మైనే కుఛ్ భీ నహీ కియా!"

ఇన్నాళ్ళుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా నా నోట వచ్చింది. పిల్ల మొహం మీద రక్తం కారుతుంటే ఏం చేశావని అడుగుతారా, మీకు ఆ పిల్లి తప్ప మనుషులు కనబడరా అని అరిచాను. "సాయంత్రానికి అది ఈ ఇంట్లో ఉండకూడదు. ఉంటే నేనూ నా కూతురూ ఉండం" అన్నాను. మా ఆయన తువ్వాలు తెచ్చి పిల్ల చెంపకి అదిమిపెట్టారు. వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మేము తలుపు లాక్కుని వెళ్ళేటప్పుడు కూడా అక్కడే, అలాగే.

కన్ను దక్కింది. చెంపకి కుట్లు పడ్డాయి, సూదులు పడ్డాయి. తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. మేఘ నిద్రపోయాక మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. వదిన కింద చాప మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఇంట్లో ఉన్నవన్నీ తీసేసినట్టుంది, పళ్ళెం నిండిపోయి నేల మీద కూడా ఉన్నాయి. నేను గ్లాసు తీసుకుని వెళ్ళబోయాను.

"ఆ మాట నాది కాదమ్మా" అంది తల ఎత్తకుండా. "మా అత్తది."

నాకు అర్థం కాలేదు. నిలబడ్డాను.

"పఠాన్‌కోట్‌లో ఉండగా మొదలెట్టేడు మీ అన్నయ్య. పెళ్ళయి ఏడాది కాలేదు. ముక్కులోంచి రక్తం కారతా ఉంటే మా అత్త మంచం మీద కూకుని అడిగింది, ముందు నువ్వేటి చేసేవు అని. నేనేటి చేసేనో నాకు తెలీదు. చెప్పలేకపోయేను. పెద్దాఫీసరు భార్య మంచిదంటే ఆవిడ దగ్గరికెళ్ళేను. కూకోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆవిడా హిందీలో అదే అడిగింది. రైలెక్కి విజీనారం వెళ్ళిపోయేను. మా నాన్న వీధిలోనే ఉన్నాడు. లోపలికి రా అనకుండా, సంచీ అందుకోకుండా, అదే అడిగేడు. మర్నాడు బండెక్కించీసేరు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా పెళ్ళిలో మమ్మల్ని ఆశీర్వదించి, నా చేతిలో చీర పెట్టి, "మా వాడు కోపిష్టి కాదమ్మా, అదృష్టవంతురాలివి" అన్న మనిషి ఆ అన్నయ్యే. ఫొటోల్లో బట్టతల, మంచి నవ్వు.

"ఎన్నాళ్ళు వదినా?"

"చెయ్యి పడిపోయినంత వరకూ. పక్షవాతం వచ్చింది గదా. ఆ మీద నేనే అన్నం తినిపించీదాన్ని." కత్తి ఆగింది, మళ్ళీ నడిచింది. "నేనేటీ చెయ్యలేదమ్మా. ఎప్పుడూ చెయ్యలేదు. అయినా రోజూ తలుచుకునీదాన్ని, ఏటి చేసేనా, ఏటి చేసేనా అని."

పక్క ఫ్లాట్‌లో టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"వీణ్ణి తెచ్చుకున్నప్పుడు ఒక్కటే అనుకున్నాను. వీణ్ణి ఎవరూ ఆ మాట అడక్కూడదు అని. వాడికి నోరు లేదు గదా. అందుకని వాడి తరఫున నేనే ముందుగా అందర్నీ అడిగీసీదాన్ని. ఈవేళ పిల్లనడిగేను." కళ్ళజోడు తీసింది. తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది. "ఆ పిల్ల చెప్పిన జవాబు విన్నావా? ఎంత గట్టిగా చెప్పింది! నాకు అలాగ చెప్పడం రాలేదు."

క్షమించమని ఆవిడ అనలేదు. పిల్లిని ఉంచుకోనిమ్మనీ అడగలేదు. దుంపలు నీళ్ళలో వేసి, చేతులు కడుక్కుని, ఫ్రిజ్ వెనక నక్కిన బెల్లాన్ని చీర కొంగులో చుట్టి తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. "నేనప్పుడు చాలా చిన్నవాణ్ణి" అన్నారు. "అక్క వచ్చిందని గంతులేశాను. మర్నాడే వెళ్ళిపోయిందని ఏడిస్తే నాన్న కసిరారు. అంతే గుర్తుంది."

మర్నాడు మేఘ స్కూలుకి వెళ్ళలేదు. వదిన గది తలుపు కొంచెం తీసి మేఘని పిలిచింది. ఇది గడప ఇవతలే నిలబడింది.

"నువ్వేటీ చెయ్యలేదమ్మా" అంది వదిన. "తప్పు బెల్లానిదే. అడగడం నాది తప్పు. సమజ్ ఆయా?"

"హా బువా" అంది మేఘ. తర్వాత నా దగ్గరికి వచ్చి, బువా ఎందుకు ఏడుస్తోందని అడిగింది.

ఆ రోజు నుంచి బెల్లం ఆ గది దాటి రాలేదు. వాడితో పాటు వదినా దాదాపు రాలేదు. డాక్టరు చెబితే వినని మనిషి తనంతట తనే వాణ్ణి ఒక గదిలో పెట్టి, తనూ అందులో ఉండిపోయింది. భోజనం పళ్ళెంలో పెట్టి ఇస్తే తలుపు సందులోంచి అందుకునేది. బాల్కనీలో ఎండ ఖాళీగా పడేది. మడమలు కరవని ఇల్లు నాకు తిరిగి దక్కింది, కానీ ఆ సుఖం ఒక్కరోజు కూడా అనుభవించలేదు. బయటికి రండి వదినా, తలుపు వేసి వాణ్ణి లోపల ఉంచి మీరు రండి అని ఎన్నిసార్లు బతిమాలానో. "ఒక్కడే ఉంటే అరుస్తాడు" అనేది. వచ్చినవాళ్ళంతా పెద్దావిడని గదిలో పెట్టేశారేమని నన్నే అడిగేవారు. మా అత్తగారి వైపు చుట్టం ఒకావిడ ఫోన్ చేసి, "ఏమ్మా, ఆవిణ్ణి ఏమైనా అన్నావా?" అంది. నేను ఫోన్ పెట్టేసి వెళ్ళి వదిన తలుపు బాదాను. "మీవల్ల నేను మాట పడుతున్నాను" అన్నాను. తలుపు తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, "పడకు" అంది. "ఏటీ చెయ్యనిదానివి ఎందుకు పడతావు? చెప్పీ గట్టిగా." మళ్ళీ తలుపు వేసేసింది. ఆ మనిషితో వేగడం అంటే అదీ.

జనవరి చలికి వదినకి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది. ఆసుపత్రిలో చేర్చాక ఆ గదిలోకి వెళ్ళి పిల్లికి తిండి పెట్టే పని నాకు పడింది. మా ఆయన ఆసుపత్రిలో ఉండేవారు, మేఘని పంపలేను. ఆయన తోలు జాకెట్, ఓవెన్ గ్లౌజులు, కాళ్ళకి వానాకాలం బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. అయినా గ్లౌజుకీ జాకెట్‌కీ మధ్య ఉన్న కాస్త చోటు వాడికి దొరికేది. ఇసక పళ్ళెం శుభ్రం చేస్తూ వాణ్ణీ, వాడి యజమానురాలినీ, ఆవిడ తమ్ముణ్ణీ పేరుపేరునా తిట్టుకునేదాన్ని. వాడు మంచం కింద నుంచి అరిచేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే అరుపు. పై ఫ్లాటు వాళ్ళు ఫిర్యాదు కూడా చేశారు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. నన్ను చూడగానే, "వాడు తింటన్నాడా?" అంది.

"తింటున్నాడు. నన్నే తింటున్నాడు" అని చెయ్యి చూపించాను.

మణికట్టు మీద గాట్లు చూసింది. వేళ్ళతో పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ముందు..." అని ఆగింది. ఊపిరి అందలేదో, మాట మార్చుకుందో తెలియదు. నేను ఎదురుచూశాను.

"ముందు సబ్బుతో కడిగేవా?" అంది.

"కడిగాను వదినా."

"గిన్నె పెట్టేటప్పుడు చెయ్యి పైనుంచి తేకు. కింద నుంచి తోసీ. చెయ్యి పైకి లేస్తే వాడికి భయం." కాస్త ఆగి, "నొప్పెడతందా?" అంది.

ఇన్ని నెలల్లో ఆవిడ ఆ మాట నన్ను అడగడం అదే మొదలు. లేదన్నాను. ఆవిడ నమ్మలేదు, చెయ్యి వదలకుండా అలాగే నిద్రపోయింది.

ఆ వారంలోనే పోయింది.

కర్మ రోజున ఇల్లంతా జనం. విజయనగరం నుంచి చుట్టాలు, కంటోన్మెంట్ నుంచి పాత స్నేహితురాళ్ళు, గేటు దగ్గరి గార్డులు కూడా డ్యూటీ మారగానే ఇద్దరిద్దరుగా వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, వీధి తలుపు తెరిచే ఉంది. వదిన గదిలో బట్టలు సర్దడానికి ఎవరు వెళ్ళారో, ఆ తలుపూ తెరిచేశారు. అందరూ వెళ్ళిపోయాక గిన్నె పట్టుకుని వెళ్ళి చూస్తే మంచం కింద ఎవరూ లేరు. ఇల్లంతా వెతికాం. బెల్లం లేడు.

మా ఆయన సోఫాలో కూలబడ్డారు. గుండు చేయించుకున్న తల, ఎర్రబడ్డ కళ్ళు. "పోనీలే" అన్నారు. "ఎక్కడికో పోయి ఉంటాడు. వదిలెయ్. ఒక రకంగా నీకే మంచిది కదా."

ఆయన నా మీద జాలితోనే అన్నారు. నాకు మాత్రం ఎక్కడో కాలింది. వాడు పోవాలని నేను కోరుకోని రోజు లేదు, నిజమే. "నాకేది మంచిదో నేను చెప్పానా మీకు?" అన్నాను. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

మెట్లన్నీ దిగుతూ ప్రతి అంతస్తులోనూ చూశాను. చెత్తబుట్టల వెనక, షూ అల్మారాల కింద. పార్కులో పిల్లల్ని అడిగాను. "కైసీ బిల్లీ ఆంటీ?" అంటే "కరిచే పిల్లి" అని తెలుగులోనే చెప్పేశాను. వాళ్ళు నవ్వారు. బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగి, కార్ల కింద వంగి వంగి చూస్తూ, "బెల్లం! బెల్లం!" అని పిలుస్తూ తిరిగాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. మోకాళ్ళు నొప్పులు, చీరకి గ్రీజు. ఎవరి మీద వస్తోందో తెలియని కోపంతో ఏడుపొచ్చింది. ఈ పిల్లిని నాకు కట్టబెట్టి పోవడమేమిటి? అంత బాధ పడిన మనిషి ముందే ఒక్కముక్క చెప్పకపోవడమేమిటి?

నీళ్ళ పంపుల గది పక్కన, పాత తలుపులు ఆనించి పెట్టిన మూల నుంచి గుర్రుమంది. లోపలికి నక్కి ఉన్నాడు. ఒంటినిండా దుమ్ము, వణుకుతున్నాడు. గార్డు ఒకడు పరుగెత్తి వచ్చి, కర్ర తెస్తాను మేడమ్ అన్నాడు. "లాఠీ నహీ!" అని నేను అరిచిన అరుపుకి వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

గ్లౌజులు తేలేదు. కొంగు చేతికి చుట్టుకుని, నేల మీద పడుకుని, కింద నుంచి చెయ్యి జరిపాను. మెడ దొరికింది. బెల్లం నా బొటనవేలి మొదట్లో పళ్ళు దిగేశాడు. నేను వదల్లేదు. బయటికి లాగి, కొంగులో చుట్టి, గుండెకి అదుముకుని లిఫ్టు ఎక్కాను. లిఫ్టులో ఉన్న అమ్మాయి గోడకి అతుక్కుపోయింది. వాడు ఇంకా కరుస్తూనే ఉన్నాడు.

మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "అయ్యో, రక్తం కారుతోంది! వదిలెయ్, కింద పెట్టెయ్ దాన్ని!" అని ముందుకు వచ్చారు.

నేను ఆయన్ని దాటుకుని లోపలికి నడిచాను.

"తలుపు వెయ్యండి" అన్నాను.